నిమ్మ వాసన చూసి కొనకండి, టీ వాసన చూసి కొనండి: సమ్మర్ పెర్ఫ్యూమ్ ముచ్చట

ఎండలు మొదలయ్యాయి కాబట్టి అందరూ నన్ను అడిగేది ఒకటే. "అన్నా, సిట్రస్ పెర్ఫ్యూమ్ కొన్నా, అరగంటకే పోయింది. డూప్లికేట్ అంటగట్టారా?" అంటగట్టి ఉండొచ్చు. కానీ ఒరిజినల్ అయినా నిమ్మ వాసన అంతేనండి.

కమలాపండు తొక్క వలిచినప్పుడు గది మొత్తం ఘుమఘుమలాడుతుంది కదా. కాసేపయ్యాక వేళ్లు వాసన చూసుకోండి, ఏమీ ఉండదు. తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం. దాని అణుభారం 136, అంటే చాలా తేలికైన అణువు. తేలిక కాబట్టి గబుక్కున ఆవిరై ముక్కుకి చేరుతుంది, గబుక్కున వెళ్లిపోతుంది కూడా. ఇక మే నెల విజయవాడ ఎండలో చెప్పేదేముంది!

మరి టీ ఎందుకు కలుపుతారు? ఇక్కడ టీ అంటే మన ఇరానీ చాయ్ అనుకోకండి, అందులో ముక్కుకి ముందు తగిలేది మరిగిన పాలు. ఇది పాలు లేని గ్రీన్ టీ వాసన. నిజానికి ఈ జోడీ కొత్తదేం కాదు. ఎర్ల్ గ్రే టీ తాగారా? బ్లాక్ టీకి బెర్గమాట్ నూనె పట్టిస్తే అదే ఎర్ల్ గ్రే. బెర్గమాట్ కూడా నిమ్మజాతి కాయే, ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో బాగా పండుతుంది.

అసలు మజా ఏంటంటే, సీసాలో టీ వాసన చాలావరకు టీ ఆకుల నుంచి రాదు. 1990ల మొదట్లో జాన్ క్లోద్ ఎలెనా అనే ఫ్రెంచ్ పెర్ఫ్యూమర్ బుల్గారీ కోసం 'ఓ పర్ఫ్యూమే ఓ తే వేర్' చేశాడు. టీ పెర్ఫ్యూమ్‌ల ట్రెండ్ మొదలైంది దాంతోనే. అందులో ఆయన టీ భ్రమ పుట్టించింది ముఖ్యంగా హెడియోన్, ఐయనోన్‌లతో. హెడియోన్ వాసన జాజిపూలకి దగ్గరి చుట్టం, కానీ గాలిలా పల్చగా ఉంటుంది. ఐయనోన్ కాస్త పొడిగా, వయొలెట్ పూలలా ఉంటుంది, నిజమైన టీ ఆకులోనూ కొంచెం ఉంటుంది. హెడియోన్ అణుభారం 226. బరువు ఎక్కువ కాబట్టి నిమ్మ వెళ్లిపోయాక కూడా ఇది ఒంటి మీద ఉంటుంది. 1999లో వచ్చిన ఎలిజబెత్ ఆర్డెన్ గ్రీన్ టీ కూడా ఈ దారిలోదే. స్టూడెంట్ బడ్జెట్‌లో మొదలుపెట్టాలంటే నేను దాన్నే చెప్తాను.

ఇప్పుడు మీ డబ్బుల సంగతి. మాల్‌లో పేపర్ ముక్క మీద కొట్టి మూతి దగ్గర పెడతారు, ఆ నిమిషంలో మీకు తగిలేది నిమ్మ. "అబ్బ, సూపర్" అనేసి కార్డు తీస్తాం. ఆ మొదటి ఐదు నిమిషాలకి పడిపోకండి. మణికట్టు మీద ఒక స్ప్రే కొట్టించుకుని బయటికి రండి, సోడా తాగండి, గంట తర్వాత చెయ్యి వాసన చూడండి. సాయంత్రం దాకా మీతో ఉండేది అదే. నచ్చితేనే కొనండి. "12 గంటలు గ్యారంటీ నిమ్మ" అని ఎవరైనా అంటే నవ్వి వచ్చేయండి. పదకొండింటికి మళ్లీ ఒక స్ప్రే కొట్టుకోవడానికి చిన్న సీసా బ్యాగులో ఉంటే చాలు. కాటన్ చొక్కా మీద కొడితే ఇంకాస్త నిలుస్తుంది, తెల్ల చొక్కా అయితే మరక పడుతుందేమో లోపలి అంచు మీద చూసుకోండి.

ఒక్క విషయం మాత్రం సీరియస్‌గా వినండి. ఇంట్లోనే చేసుకుందామని బెర్గమాట్ నూనె నేరుగా మెడకి రాసుకుని ఎండలోకి వెళ్లకండి. అందులో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది, ఎండ తగిలితే చర్మం కాలినట్టయి నల్లమచ్చలు పడతాయి, నెలల తరబడి పోవు. పెర్ఫ్యూమ్‌ల కోసం దాన్ని తీసేసిన నూనె దొరుకుతుంది. పేరూ ఊరూ లేని సీసాలో ఏ నూనె పోశారో మనకి తెలీదు.

కొన్న సీసాని బండి డిక్కీలో కూడా పెట్టకండి. గాలికి, వేడికి లిమోనీన్ పాడైతే వాసన మారడమే కాదు, కొందరికి దద్దుర్లు వస్తాయి. చీకటిగా ఉండే బీరువా చాలు. వచ్చే ఎపిసోడ్‌లో వట్టివేరు అత్తరు గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి.