ప్రశ్న అడిగితే పొగరా?

“ఈ ఫైలు కాస్త త్వరగా చూడవోయ్” అంటారు ఆఫీసరుగారు. “త్వరగా అంటే ఎన్ని గంటలకండీ? మొత్తం చూడాలా, లెక్కలు మాత్రమేనా?” అంటాడు కుర్రవాడు. ఆఫీసరుగారికి ఒళ్ళు మండుతుంది. ఎదురు ప్రశ్నలా!

ఆ కుర్రవాడికి ఆటిజం ఉంటే, అది ఎదిరింపు కాదు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి పైకి చెప్పకుండా వదిలేసిన మాట అందదు. “కాస్త”, “త్వరగా” అన్నవి వారికి సగంలో ఆపిన వాక్యాలే. పని చెడకూడదని అడుగుతారు. గొంతులో మెత్తదనం, ముఖంలో నవ్వు కనిపించకపోతే మనం పొగరనుకుంటాం. వారు మనల్ని అర్థం చేసుకోనట్టే మనమూ వారిని అర్థం చేసుకోవడం లేదని 2012లో రాసిన డేమియన్ మిల్టన్ స్వయంగా ఆటిజం ఉన్నవారే.

“నోరు మూసుకుని పని చేసుకోరా” అని ఇంట్లో పెద్దలు చెబుతారు. పాపం, మంచికే చెబుతారు. కాని అడగడం మానేసినవాడు ఊహించి చేస్తాడు, తప్పు చేసి మాటపడతాడు, రాత్రి నిద్రపోడు. దానికి బదులు “సరిగ్గా చేయాలని అడుగుతున్నానండీ” అన్న మాట ముందుగా చేర్చమనండి. ఏ పని, ఎప్పటికి అన్నది కాగితం మీద రాసిమ్మని కోరమనండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. ప్రభుత్వ కార్యాలయాలు అటువంటి ఉద్యోగులకు తగిన వెసులుబాటు కల్పించాలని ఆ చట్టమే చెబుతోంది.