కోడిగుడ్డులో ఎర్రచుక్క

మా పక్కింటివారి మనుమడికి మూడో నెల నిండకముందే గుండెలో రంధ్రం ఉన్నదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్ననాటి నుంచి ఆ ఇంటి కోడలికి రెండు దిగుళ్ళు పట్టుకొన్నాయి. పిల్లవాడు ఏమవుతాడో అన్నది ఒకటి. "కడుపుతో ఉండి, వద్దంటున్నా గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకొన్నావు గదే అమ్మా!" అన్న అత్తగారి మాట రెండవది. ఆవిడ గయ్యాళి కాదు, చాలా మంచి మనిషి. కాని కష్టం వచ్చినప్పుడు దానికొక కారణం దొరికితేగాని మనస్సు కుదుటపడదు గదా!

"నిజమేనంటారా, బాబాయిగారూ?" అని ఆ అమ్మాయి ఒకనాటి సాయంత్రం నన్నడిగింది. నేను కాలేజీలో తెలుగు చెప్పుకొనేవాణ్ణి. హృదయమంటే పద్మమనీ, అది ముకుళిస్తుందనీ వికసిస్తుందనీ తప్ప నాకేమీ తెలియదు. అయినా ఆ ప్రశ్న నన్ను ఊరుకోనివ్వలేదు. చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తేలిన విశేషమేమంటే, మన గుండె ఎలా తయారవుతుందో మనకు నేర్పిన గురువులు కోడిపిల్ల, ఈగ, చేప, చిట్టెలుక!

తల్లి కడుపులోకి తొంగిచూడడం కష్టం. గుడ్డయితే పగలగొట్టి చూడవచ్చు. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దంలో అరిస్టాటిల్ ఆ పనే చేశాడు. పొదగడం మొదలై మూడు పగళ్ళూ మూడు రాత్రులూ గడిచిన గుడ్డులో, తెల్లసొన నడుమ, నెత్తుటి చుక్క ఒకటి కనిపించింది. అది ఊరకే ఉండక ప్రాణమున్నదానిలా గంతులు వేస్తున్నది. రక్తం శరీరమంతా చుట్టి వస్తుందని 1628లో చాటిన ఇంగ్లీషు వైద్యుడు విలియం హార్వే కూడా ఆ చుక్కనే చూచాడు. ముడుచుకొన్నప్పుడు మాయమై, విచ్చుకొన్నప్పుడు మళ్ళీ ఎర్రగా మెరిసే చుక్క. మా కవుల పద్మం బొత్తిగా అబద్ధం కాదన్నమాట!

ఆ చుక్క నిజానికి ఒక సన్నని గొట్టం. అది పెరుగుతూ కుడివైపుకు మెలిక తిరుగుతుంది. ఆ పైన లోపల అడ్డుగోడలు లేస్తాయి. చేప రెండు గదులతో సరిపెట్టుకొంటుంది, కప్పకు మూడు, పక్షికీ మనకూ నాలుగు. అందువల్ల ఈ విషయంలో కోడిపిల్ల మనకు దగ్గర చుట్టం. మనిషి పిండంలో ఈ గొట్టం సుమారు 22వ రోజున కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అంటే నెల తప్పిన వారం పది రోజులకే! ఎనిమిదో వారం దాటేసరికి ముఖ్యమైన గోడలన్నీ లేచిపోతాయి. పక్కింటి అమ్మాయిని అడిగితే, ఆ గ్రహణం వచ్చినది ఆమెకు ఏడో నెలలో. పిల్లవాడి గుండెలో క్రింది రెండు గదుల నడుమ గోడ నిలవవలసిన గడువు అప్పటికి ఎన్నడో దాటిపోయింది. రెండో నెలలోనే గ్రహణం వచ్చినా, కత్తిపీటకూ ఆ గోడకూ సంబంధమేమీ లేదనుకోండి.

మరి గోడ ఎందుకు ఆగిపోతుంది? పుట్టిన ప్రతి నూరుమందిలో ఇంచుమించు ఒకరికి గుండె నిర్మాణంలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఆ లోపాలలో ఒకదాని గుట్టు బయటపడిన తీరు అపరాధపరిశోధక నవలకు తీసిపోదు.

కొందరు పిల్లలకు గుండె నుంచి రెండుగా విడివడి రావలసిన పెద్ద రక్తనాళాలు ఒకే నాళంగా ఉండిపోతాయి. వింత ఏమిటంటే, వీరిలో కొందరికి రోగాలను ఎదుర్కొనే శక్తినిచ్చే థైమస్ గ్రంథి కూడా సరిగా ఉండదు. గుండెకూ ఆ గ్రంథికీ ఏమి పొత్తు? జవాబు గుడ్డులో దొరికింది. పిండం వీపున, ముందు ముందు వెన్నుపాము కాబోయే భాగం అంచున, కొన్ని కణాలు పుడతాయి. అవి పుట్టినచోట నిలవవు, వలసపోతాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు నికోల్ లె దువారే కౌజుపిట్ట కణాలను కోడి పిండంలో నాటి, అవి ఎక్కడెక్కడికి పోయాయో మైక్రోస్కోపులో ఆనవాలు పట్టింది. కౌజుపిట్ట కణాలు రంగు వేస్తే కోడి కణాలలో కలిసిపోకుండా తెలిసిపోతాయి. 1983లో అమెరికాలో మార్గరెట్ కర్బీ అనే ఆమె, తల వెనుక భాగాన పుట్టే ఆ కణాలను కోడి పిండం నుంచి తీసివేసి చూచింది. గుండె ఎక్కడో, ఆ కణాలు ఎక్కడో! అయినా ఆ పిండాలలో పెద్దనాళం రెండుగా చీలలేదు. నాళాన్ని విడదీసే గోడ కట్టేదీ, థైమస్‌కు ఆసరా ఇచ్చేదీ ఆ వలస కూలీలే. ఒకే మేస్త్రీ ముఠా రెండిళ్ళకు పని ఒప్పుకొన్నట్టు! ముఠా రాకపోతే రెండిళ్ళూ ఆగిపోతాయి. 2001లో చిట్టెలుకలలో ఒక్క జన్యువును చెడగొడితే ఇవే లోపాలు వచ్చాయి. ఈ జబ్బు ఉన్న పిల్లలు చాలామందిలో 22వ క్రోమోజోము మీద ఒక చిన్న ముక్క లోపించి ఉంటుంది. ఆ జన్యువు ఉండవలసినది ఆ ముక్కలోనే.

ఈగ కథ ఇంకా చిత్రం. మాగిన అరటిపండు మీద ముసిరే ఆ చిన్న ఈగకు వీపున గొట్టంలాంటి గుండె ఉంటుంది. ఒక జన్యువు లేకపోతే ఆ గుండె అసలు ఏర్పడదని 1993లో తేలింది. దానికి 'టిన్‌మ్యాన్' అని పేరు పెట్టారు. ఒక ఇంగ్లీషు పిల్లల కథలో గుండె లేని రేకుమనిషి పేరది. శాస్త్రజ్ఞులలో కూడా సాహిత్యాభిమానులుంటారు! 1998లో, గుండె పై గదుల నడుమ రంధ్రం తరతరాలుగా వస్తున్న కొన్ని కుటుంబాలను పరీక్షిస్తే, ఆ ఈగ జన్యువుకు సాటి అయిన మానవ జన్యువులోనే తప్పు కనిపించింది.

ఇక జీబ్రా చేప. ఇది అచ్చంగా మన దేశపుది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో వేసిన గ్రంథంలో దీనిని వర్ణించాడు. వేలెడైనా ఉండదు. పిండం అద్దంలా ఉంటుంది, గుడ్డు పగలగొట్టనక్కరలేకుండానే ఒక్కరోజులో గుండె ఆట కనిపిస్తుంది. గుండె పనిచేయకపోయినా కొన్ని రోజులపాటు నీటిలోని ప్రాణవాయువు చర్మం గుండా అంది పిండం బ్రతికే ఉంటుంది గనుక, తప్పు ఎక్కడ జరిగిందో తీరికగా చూడవచ్చు. పెద్దచేపకు గుండె క్రింది గదిలో అయిదోవంతు కోసివేసినా సుమారు రెండు నెలలలో మళ్ళీ పెరుగుతుందని 2002లో కనుగొన్నారు. ఆ వరం మనకు లేదు.

ఇన్ని మూగజీవాలను బలిపెట్టాలా అని అడిగేవారున్నారు. చదువుతున్నప్పుడు నాకూ చివుక్కుమన్న మాట నిజం. ముఖ్యంగా ఎలుకల సంగతి. కాని ఆ పసివాడి ముఖం చూచిన తరువాత వద్దనడానికి నాకు నోరు రాలేదు.

తల్లి జాగ్రత్తపడవలసినవి లేకపోలేదు. ఆహారంలో విటమిన్ 'ఎ' లేకుండా చేసిన తల్లి ఎలుకల పిల్లలకు గుండె లోపాలు వచ్చాయని 1949లోనే విల్సన్, వార్కనీ అనేవారు చూపించారు. అలాగని మాత్రలు గుప్పెళ్ళతో మింగితే అదీ ప్రమాదమే. గర్భిణికి మొదటి నెలలలో రుబెల్లా అనే అమ్మవారి వంటి జ్వరం వచ్చినా, అదుపులో లేని చక్కెర వ్యాధి ఉన్నా బిడ్డ గుండెకు ముప్పు ఉంది. రుబెల్లాకు టీకా ఉంది, గర్భం రాకముందే వేయించుకోవాలి. ఈ జాబితాలో గ్రహణం ఎక్కడా లేదు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. రంధ్రం చిన్నదేననీ, ఇలాంటివి చాలామందిలో వాటంతటవే పూడిపోతాయనీ, ఆరు నెలల తరువాత మళ్ళీ తీసుకురమ్మనీ డాక్టరు చెప్పాడట. కోడిపిండంలో గుండె కొట్టుకొనే చిన్న సినిమా ఒకటి నా ఫోనులో ఉంటే వేసి చూపించాను. అత్తగారు కూడా వచ్చి కళ్ళజోడు సవరించుకొని కూర్చున్నారు. ఎర్రచుక్క ముడుచుకొంటున్నది, విచ్చుకొంటున్నది. అయిపోయిన తరువాత ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఒకసారి కోడలి వంక చూచి, "ఇంకొక్కసారి వెయ్యి, నాయనా" అన్నారు.