నవీన శిల్పమును, ప్రయోగ ఛాయాచిత్రమును పిల్లలకు చూపుట ఎట్లు?

మారికుప్పము నుండి బెంగుళూరునకు పోవు రైళ్లలో మన తల్లిదండ్రులనేకులు ప్రతిదినము పనులకై ప్రయాణము చేయుచున్నారు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిమ్మట పలు కుటుంబములకు ఆ రైలే ఆధారమైనది. అయినను ఆ నగరమున కబ్బన్ పార్కు చెంత, కస్తూర్బా రోడ్డున, 2023 ఫిబ్రవరిలో తెరువబడిన కళా ఛాయాచిత్ర ప్రదర్శనశాలకు పిల్లలను వెంటబెట్టుకొని పోయినవారు కొద్దిమందియే యని తోచుచున్నది. దానిని 'మ్యాప్' అని వ్యవహరింతురు. పోయినవారును, "ఇది ఏమి బొమ్మ?" యని పిల్లవాడడిగినంతనే బదులు తోచక ముందునకు నడచెదరు. తెలుగున అడిగిన ప్రశ్నకు తెలుగున బదులు చెప్పవలసినవారము మనమే గదా!

మొదట ఆ భవనమునే చూపుడు. ఉక్కు పలకలపై అడ్డుగీతల అచ్చు గొట్టి, బోల్టులతో కూర్చిన పాతకాలపు నీళ్ల ట్యాంకును మనమందరము ఎరుగుదుము. మాథ్యూ, ఘోష్ అను వాస్తుశిల్పులు ఆ రూపమునే గ్రహించి ఐదంతస్తుల మేడ నిర్మించిరి. నిత్యము చూచు వస్తువును మరియొక చోట నిలిపినప్పుడే దాని ఆకారము కంటబడును. నవీన శిల్పము చేయు పనిలో చాలభాగము ఇదియే.

మన జిల్లాలో మాలూరు తాలూకా శివారపట్నమున రాతి విగ్రహములు చెక్కు కుటుంబములు తరతరములుగా నున్నవి. ఆ శిల్పి ధ్యానశ్లోకమున జెప్పిన చేతులను, ఆయుధములను, తాళప్రమాణమును తప్పరాదు. విగ్రహము పూజ కొరకు; ఏ దేవతయో భక్తునకు తెలియవలెను. బ్రిటిషు శిల్పి స్టీఫెన్ కాక్స్ 1986లో మహాబలిపురమునకు వచ్చి, అచ్చటి శిల్పులతో కలసి పనిచేయ నారంభించెను. మ్యాప్ తెరచిన యేడు అతని రాతి శిల్పములును అచ్చట ప్రదర్శింపబడినవి. ఇట్టి శిల్పములలో కొంత భాగము నునుపుగను, కొంత గరుకుగను ఉండుట చేతగానితనము కాదు. రాయి రాయిగానే కనబడవలెనని శిల్పి యుద్దేశము. కావున "ఎవరి బొమ్మ?" యని గాక, "ఉలి ఎచ్చట ఆగినది? ఏల ఆగినది?" యని పిల్లవానిని అడుగుడు. మూడు కిలోమీటర్లకు మించిన లోతున రాయి గొట్టినవారి మనుమలకు ఈ ప్రశ్న కష్టము కానేరదు.

ఛాయాచిత్రము సంగతి వేరు. ఫోటో ఉన్నదున్నట్లు చూపునని మన నమ్మకము. 1934లో జన్మించిన జ్యోతి భట్ బరోడాలో చిత్రకారుడు. పల్లెల గోడబొమ్మలను, ముగ్గులను దశాబ్దములపాటు ఫోటోలు తీసెను. అతడే ఒక దృశ్యముపై మరియొక దృశ్యమును పొదిగి, లోకమున లేని చిత్రములను గూడ చేసెను. మ్యాప్ తొలి ప్రదర్శనలలో అతని ఫోటోలదియు ఒకటి.

కెమెరా లేకయు ఛాయాచిత్రము చేయవచ్చును. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి యిది: ఇనుప లవణములు పూసిన కాగితముపై ఆకు నుంచి, ఎండబెట్టి, నీట కడిగినచో, ఎండ సోకిన చోటు నీలమగును, ఆకు నీడ తెల్లగా నిలుచును. చిత్రలేఖనపు గంట వ్యర్థమని, సైన్సు చాలునని తలచువారు దీనిని ఏ గంటలో చేర్చెదరో! ఇంజనీర్ల పాత 'బ్లూ ప్రింటు' నక్షాలును ఇట్లు తయారైనవే. తాతల పెట్టెలో అట్టిది దొరకినచో పారవేయక పిల్లలకు చూపుడు. అందలి తెల్లని గీతలు సిరాతో గీసినవి కావు, వెలుతురు సోకని చోట్లు.