వంకర అంటే తప్పా?

లెక్క తప్పితే సారు ఎర్రసిరాతో 'రాంగ్' అని రాస్తారు కదా. ఆ మాటకు మొదట్లో అర్థం 'వంకర'. వెయ్యేళ్ళ కిందట ఓడల్లో వచ్చి ఇంగ్లాండులో స్థిరపడిన వైకింగుల భాష నుండి అది ఇంగ్లీషులో చేరింది. 'రైట్' అంటే మొదట 'తిన్ననిది'. ఫ్రెంచివాళ్ళు తప్పును 'తోర్' అంటారు. దాని లాటిన్ మూలానికి 'మెలి తిరిగినది' అని అర్థం. మనమూ తక్కువేం కాదు. 'వంకర బుద్ధి' అంటాం, 'వంకలు పెట్టకు' అంటాం.

కానీ వంపుకు మంచి పేరు కూడా ఉంది. విల్లును ఇంగ్లీషులో 'బో', జర్మన్‌లో 'బోగెన్' అంటారు. రెండింటికీ అసలు అర్థం 'వంగినది'. మోచెయ్యి 'ఎల్బో'. అందులో 'ఎల్' అంటే ముంజెయ్యి, 'బో' అంటే వంపు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి పుట్టి ఉంటాయని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే జడ్జి చెప్పాడు. ఇంగ్లీషు, జర్మన్ కూడా ఆ కుటుంబానివే. అందుకే 'బో'కు సంస్కృతంలో ఒక చుట్టం ఉంది. అది 'భుజ్', అంటే వంగడం. వంగే చెయ్యి భుజం. వంపులు తిరుగుతూ పోయే పాము భుజంగం. ఈ మాటలు తెలుగులోకీ వచ్చాయి. మన లెక్కల పుస్తకంలో త్రిభుజం కూడా అక్కడిదే.

విల్లు వంగకపోతే బాణం పోదు. మోచెయ్యి వంగకపోతే ముద్ద నోటికి రాదు. మరి కాలో చెయ్యో వంకరున్న తోటివాణ్ణి 'ఒరే వంకరోడా' అని పిలవడం ఏం న్యాయం? వాడికి అమ్మానాన్న పెట్టిన పేరుంది. ఆ పేరుతోనే పిలుద్దాం.