మొదటి తరం ల్యాప్‌టాప్‌లో అసలు కొత్తది ఏది?

2011 జనవరి మొదట్లో ఇంటెల్ సంస్థ శాండీ బ్రిడ్జ్ అనే కొత్త తరం ప్రాసెసర్లను మార్కెట్లోకి తెచ్చింది. నెల తిరగకముందే, జనవరి 31న, వాటికి తోడుగా వచ్చే చిప్‌సెట్‌లో లోపం ఉందని తానే ప్రకటించి సరఫరా ఆపేసింది. కారణం ఒక్క ట్రాన్సిస్టర్. హార్డ్ డిస్కును, డీవీడీ డ్రైవును కలిపే సాటా పోర్టుల గడియార వలయంలో ఉన్న ఆ ట్రాన్సిస్టర్‌కు తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ వోల్టేజీ అందుతోంది. దాని పలుచని పొర గుండా విద్యుత్తు కారిపోతూ, నెలలు గడిచేకొద్దీ పోర్టు పనితీరు క్షీణిస్తుంది. కొన్న రోజున పరీక్షిస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. మూడేళ్లలో సుమారు 5 శాతం యంత్రాల్లో ఇది బయటపడవచ్చని, మరమ్మతులకూ మార్పిడికీ 70 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని ఇంటెల్ లెక్కగట్టింది. ఇంతా చేసి ఆ ట్రాన్సిస్టర్‌తో అక్కడ పనే లేదు. పాత డిజైన్ నుంచి మిగిలిపోయింది. చిప్ పైనుండే లోహపు పొరలో చిన్న మార్పు చేసి దాన్ని వేరుచేస్తే సమస్య తీరిపోయింది.

ఈ ఉదంతంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది దాని రెండో భాగం. ఆ చిప్‌సెట్‌లో ఆరు సాటా పోర్టులుంటే లోపం నాలుగింటిలోనే ఉంది. వేగం ఎక్కువున్న మిగతా రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఒక డిస్కు, ఒక డీవీడీ డ్రైవు మాత్రమే ఉండే మామూలు ల్యాప్‌టాప్‌కు రెండు పోర్టులు చాలు. అందుకే వారం రోజుల్లోనే, బాగున్న పోర్టులను మాత్రమే వాడతామన్న తయారీదారులకు ఇంటెల్ అదే చిప్‌ను మళ్లీ అమ్మడం మొదలుపెట్టింది. చిప్ అదే, లోపమూ అదే. నాలుగు డిస్కులు తగిలించుకునేవారికి అది పెద్ద చిక్కు, ఒకే డిస్కు వాడేవారికి దాని ఊసే అక్కర్లేదు.

కొత్త తరం ల్యాప్‌టాప్ వచ్చినప్పుడల్లా ఇళ్లలో ఒకటే చర్చ: ఇప్పుడే కొందామా, రెండో తరం వచ్చేదాకా ఆగుదామా? ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అనే సామెత మనకు నోటికొచ్చు కాబట్టి, ఆగమనే సలహా సులువుగా వచ్చేస్తుంది. అది కొన్నిసార్లు సరైనదే. కానీ ‘మొదటి తరం’ అనే ముద్ర యంత్రం మొత్తం మీద వేసేస్తే ఏమీ తేలదు. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ వేరు, తెర వేరు, కీబోర్డు వేరు, వేడిని బయటికి పంపే ఏర్పాటు వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ వేరు, మనం వాడే ప్రోగ్రాములు వేరు. వీటిలో తొలిసారి తయారైంది ఏది, అందులో తప్పు దొర్లితే కొన్నాక సరిదిద్దే దారి ఉందా, మన పని ఆ భాగం మీద ఎంత ఆధారపడింది అన్నవి తేల్చుకోవాలి.

లోపాలన్నీ ఒక రకం కావు. ఎలక్ట్రానిక్ వస్తువులు ఎప్పుడెప్పుడు పాడవుతాయో కాలం వెంబడి గీస్తే వచ్చే గీతను ఇంజినీర్లు బాత్‌టబ్ కర్వ్ అంటారు. మొదటి నెలల్లో వైఫల్యాలు ఎక్కువ. సరిగా అతకని సోల్డరింగో, బలహీనమైన మెమరీ చిప్పో అప్పుడే బయటపడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి గీత నేలబారుగా సాగి, చివర్లో అరుగుదల వల్ల మళ్లీ పైకి లేస్తుంది. ఈ తొలి వైఫల్యాలు ఐదో తరం యంత్రాల్లోనూ తప్పవు. వారంటీ ఉన్నదే వాటికోసం. మార్చి ఇచ్చిన యంత్రం బాగా పనిచేస్తుంది. డిజైన్‌లోనే ఉన్న లోపం సంగతి అలా కాదు. అది తయారైన ప్రతి యంత్రంలోనూ ఉంటుంది, వారంటీ కింద మార్చి ఇచ్చినదానిలోనూ ఉంటుంది. మొదటి తరమంటే జంకవలసింది ఈ రెండో రకానికే. ల్యాబ్‌లో కొద్ది నమూనాలను కొన్ని నెలలు పరీక్షించినప్పుడు దొరకని లోపం, లక్షలమంది రకరకాల ఎండల్లో, రకరకాల పనులకు వాడినప్పుడు దొరుకుతుంది. దొరికినదాన్ని చిప్ తయారీదారులు తర్వాతి ‘స్టెప్పింగ్’లో సరిచేస్తారు. ఇంటెల్ చిప్‌సెట్‌లో లోపమున్న కూర్పు బీ2, సరిచేసిన కూర్పు బీ3. అక్షరం మారకుండా అంకె మాత్రమే మారిందంటే అడుగునున్న ట్రాన్సిస్టర్ల జోలికి పోకుండా పై లోహపు పొరలతోనే సరిపెట్టారని సాధారణంగా అర్థం.

సాఫ్ట్‌వేర్ లోపం ఏదో ఒక రాత్రి అప్‌డేట్‌తో పోవచ్చు. సిలికాన్‌లో చెక్కినదీ, బోర్డుకు సోల్డర్ చేసినదీ అలా మారవు. ఈ తేడా ఎంత ఖరీదైనదో ఆపిల్ ప్రాసెసర్ మార్చిన రెండు సందర్భాలు చెబుతాయి.

2006 జనవరిలో ఆపిల్ పవర్‌పీసీని వదిలి, ఇంటెల్ ప్రాసెసర్‌తో తొలి మ్యాక్‌బుక్ ప్రోను ప్రకటించింది. అందులోని కోర్ డ్యుయో 32 బిట్ల చిప్. అదే ఏడాది అక్టోబరులో కోర్ 2 డ్యుయోతో కొత్త మోడల్ వచ్చింది, అది 64 బిట్లది. తొమ్మిది నెలల తేడా. అప్పట్లో వేగంలో తేడా మరీ పెద్దగా కనిపించలేదు కూడా. అసలు తేడా 2011లో తెలిసింది. ఆ ఏడాది వచ్చిన మ్యాక్ ఓఎస్ లయన్‌కు 64 బిట్ల ప్రాసెసర్ తప్పనిసరి. జనవరిలో కొన్నవారి యంత్రం పాత ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే ఆగిపోయింది, అక్టోబరులో కొన్నవారిది ముందుకు సాగింది. ఇక్కడ లోపమంటూ ఏదీ లేదు. చిప్ తన పని తాను చక్కగా చేసింది. అయినా ఆగినవారికే లాభం కలిగింది, ఎందుకంటే 64 బిట్ల వైపు పరిశ్రమ మొత్తం కదులుతోందని అప్పటికే స్పష్టంగా తెలుసు.

2020 నవంబరులో కథ మరోలా నడిచింది. ఈసారి ఆపిల్ ఇంటెల్‌ను వదిలి తన సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. పేరుకు మొదటి తరమే. కానీ లోపలికి చూస్తే, 2010లో ఏ4తో మొదలై ఏటా ఐఫోన్లలో కోట్ల సంఖ్యలో నలిగిన చిప్‌ల వంశం అది. ఎం1లో ఉన్న కోర్లు ఆ ఏడాది ఐఫోన్ 12లో వచ్చిన ఏ14 కోర్లే. బయటి చట్రం, కీబోర్డు దాదాపు అంతకుముందరి ఇంటెల్ మోడల్‌వే. ముఖ్యంగా కొత్తదైంది ఒకటి: ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములు, ఆర్మ్ అనే వేరే ఆదేశాల పద్ధతిని పాటించే ఈ చిప్ మీద నడవాలి.

వాటిని ఆర్మ్ ఆదేశాల్లోకి తర్జుమా చేసే పనిని రోజెట్టా 2 అనే ఆపిల్ అనువాదకం చేసింది. అది ప్రోగ్రామును నడుస్తున్నప్పుడే ముక్కముక్కగా తర్జుమా చేయడం కంటే, వీలైనంతవరకు ముందే మొత్తం తర్జుమా చేసి దాచుకుంటుంది. అంతకంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. ఒక కోర్ మెమరీలో వరుసగా రాసిన విలువలు మరో కోర్‌కు అదే వరుసలో కనిపించాలని ఇంటెల్ పద్ధతి పట్టుబడుతుంది. ఆర్మ్ పద్ధతికి ఆ పట్టుదల లేదు. ఇంటెల్ ప్రోగ్రామును ఆర్మ్ మీద తప్పులేకుండా నడపాలంటే అడుగడుగునా వరుసను కాపాడే అదనపు ఆదేశాలు చొప్పించాలి, దాంతో వేగం పడిపోతుంది. ఆపిల్ ఇంజినీర్లు ఎం1 సిలికాన్‌లోనే ఇంటెల్ వరుసను పాటించే మోడ్‌ను పెట్టేశారు. తర్జుమా చేసిన ప్రోగ్రాములు అంత చురుగ్గా నడవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇంత ముందుచూపుతో కట్టిన తొలి తరాలు అరుదు, మనసారా మెచ్చుకోవలసిన పని ఇది.

తొలి నెలల్లో బ్లూటూత్ తెగిపోవడం వంటి చికాకులు వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన అప్‌డేట్‌తో ఆపిల్ వాటిని సర్దింది. ఎం1 కోసమే సిద్ధం చేసిన ఫొటోషాప్ మార్చిలో వచ్చింది. సిలికాన్‌లో స్థిరపడిన పరిమితులు మాత్రం కదల్లేదు. మెమరీ గరిష్ఠంగా 16 గిగాబైట్లు, బయటి మానిటర్ ఒక్కటే. రెండు మానిటర్లు కావాలని ఆగినవారికి 2022లో ఎం2 ఎయిర్ వచ్చినా కోరిక తీరలేదు. 2024 మార్చిలో ఎం3 ఎయిర్ వచ్చాకే, అదీ మూత మూసి ఉంచితేనే, రెండు తెరలు పనిచేశాయి. ‘రెండో తరంలో సర్దుకుంటుందిలే’ అనుకోవడం ఎంత వట్టి ఊహో దీన్నిబట్టి తెలుస్తుంది.

అంతకంటే గట్టి ఉదాహరణ బటర్‌ఫ్లై కీబోర్డు. 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో వచ్చిన ఈ కీబోర్డులో మీటల కదలిక చాలా తక్కువ. చిన్న నలుసు దూరితే మీట ఇరుక్కోవడమో, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడడమో జరిగేది. 2016లో రెండో కూర్పు వచ్చింది. 2018లో మీటల కింద సన్నని పొర వేసి మూడో కూర్పు తెచ్చారు. 2019లో పదార్థం మార్చారు. ఇబ్బంది పూర్తిగా పోలేదు. చివరికి 2019 నవంబరులో 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోతో అంతకుముందు వాడిన కత్తెర తరహా మీటల పద్ధతికే తిరిగి వెళ్లారు. లోపం తయారీలో కాక మూల ఆలోచనలోనే ఉంటే, ఎన్ని తరాలు ఆగినా ఫలం ఉండదు. ఆగేవారు తాము దేనికోసం ఆగుతున్నారో ముందు పేరు పెట్టి చెప్పగలగాలి.

మన దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువగా తగులుతున్నది విండోస్ ల్యాప్‌టాప్‌ల దగ్గర. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో ఆర్మ్ ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది, వేడి తక్కువ. పాత ఇంటెల్ ప్రోగ్రాములను ప్రిజమ్ అనే అనువాదకం నడుపుతుంది. అయితే అనువాదానికి ఒక హద్దుంది. ప్రోగ్రాములను తర్జుమా చేయగలదు గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో నడిచే డ్రైవర్లను చేయలేదు. వాటిని ఆర్మ్ కోసం తయారీదారే మళ్లీ కట్టి ఇవ్వాలి. పాత ప్రింటర్, స్కానర్, టెండర్లకూ పన్ను రిటర్నులకూ డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్, ఆఫీసు వీపీఎన్: ఇబ్బంది వస్తే ఇలాంటి చోట్లే వస్తుంది.

తెలుగు టైపు చేసేవారు మరొకటి గమనించాలి. కీబోర్డుకూ ప్రోగ్రాముకూ మధ్య నిలబడి అక్షరాలను మార్చే ఇన్‌పుట్ ఉపకరణాలు ఆర్మ్ యంత్రాల్లో సరిగా పనిచేయకపోవచ్చని మైక్రోసాఫ్ట్ తన సహాయ పత్రాల్లోనే హెచ్చరిస్తుంది. విండోస్‌లో ఉన్న తెలుగు కీబోర్డుతో యూనికోడ్‌లో రాసేవారికి ఈ బెడద లేదు. కానీ మన డీటీపీ సెంటర్లు ఎన్నో ఇప్పటికీ అను ఫాంట్ల మీద, 2001 నాటి పేజ్‌మేకర్ 7 మీద ఆధారపడి పుస్తకాలూ పెళ్లి పత్రికలూ తయారుచేస్తున్నాయి. అలాంటివారికి ప్రాసెసర్ ఎంత వేగమైనదైనా, తమ పనిముట్లు అందులో నడుస్తాయని కళ్లారా చూడకుండా కొనడం తగదు.

ఆగడానికీ ఒక ఖర్చుంది. దాన్ని లెక్కగట్టే చక్కని సూత్రం 1999లో అరిజోనా విశ్వవిద్యాలయ ఖగోళ పరిశోధకులు రాసిన చిన్న పత్రంలో దొరుకుతుంది. కంప్యూటర్ల వేగం 18 నెలలకోసారి రెట్టింపవుతుందనుకుందాం. ఇవాళ్టి యంత్రం మీద 40 నెలలు పట్టే గణన ఉంది. సుమారు 11 నెలలు ఊరికే ఆగి, అప్పటి కొత్త యంత్రం కొని మొదలుపెడితే పని 26 నెలల్లో ముగుస్తుంది. మొత్తం 37 నెలలే. ఇవాళే మొదలుపెట్టినవారి కంటే ముందన్నమాట. గణితం చేసి చూస్తే హద్దు 26 నెలల దగ్గర తేలుతుంది. అంతకంటే తక్కువ సమయం పట్టే పనికి ఆగడం ఎప్పుడూ నష్టమే. పైగా 18 నెలలకు రెట్టింపయ్యే రోజులు పోయాయి. పెరుగుదల మందగించిన కొద్దీ ఆ హద్దు ఇంకా దూరం జరుగుతుంది. ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థికి గానీ, సొంత అకౌంట్స్ పని చేసుకునేవారికి గానీ యంత్రాన్ని రెండేళ్లు ఏకబిగిన నడిపే పని ఉండదు. వారికి వేగం కోసం ఆగడంలో లాభం లేదు. ఫలానా డ్రైవర్ కోసమో, ఫలానా పోర్టు కోసమో అయితే ఆగవచ్చు.

అందరూ ఆగితే తయారీదారు గతేమిటన్నదానికి ఆడమ్ ఆస్‌బోర్న్ పేరు చెబుతారు. తిరువణ్ణామలైలో, రమణ మహర్షి భక్తులైన తల్లిదండ్రుల దగ్గర బాల్యం గడిపిన ఈయన 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్‌ను తెచ్చారు. బరువు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1,795 డాలర్లు. చేత పట్టుకుని తిరగగలిగిన తొలి విజయవంతమైన కంప్యూటర్ అదే. 1983లో తర్వాతి మోడల్ గురించి ముందే చెప్పేసరికి కొనేవాళ్లు ఆగిపోయారని, ఆ సెప్టెంబరులోనే కంపెనీ దివాలా తీసిందని కథనం. కేప్రో వంటి పోటీదారుల దెబ్బ కూడా తక్కువేమీ కాదు.

కొత్త తరం రాకతో చాలామంది పట్టించుకోని లాభం ఇంకొకటి ఉంది. పాత తరం ధర దిగుతుంది, దాని గుణదోషాలు అప్పటికి లోకమంతటికీ తెలిసి ఉంటాయి. 999 డాలర్లకు వచ్చిన ఎం1 ఎయిర్‌ను 2024 మార్చిలో అమెరికాలో వాల్‌మార్ట్ 699 డాలర్లకు అమ్మింది. అప్పటికి దాని వయసు మూడేళ్లు దాటింది, చిన్నచిన్న లోపాలు అప్‌డేట్లతో ఎప్పుడో సర్దుకున్నాయి. కాలేజీ ఆగస్టులో మొదలవుతుంటే నేను ఇలాంటిదాన్నే కొనమంటాను.

కొత్త తరమే కావాలనుకుంటే దుకాణానికి ఉత్త చేతులతో వెళ్లవద్దు. రోజూ వాడే ప్రోగ్రాముల జాబితా, సంతకం టోకెన్, ప్రింటర్ మోడల్ నంబరు వెంట తీసుకెళ్లండి. ప్రింటర్ తయారీదారు వెబ్‌సైట్‌లో ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో అక్కడే వెతికించండి. టోకెన్‌ను ప్రదర్శనకు పెట్టిన యంత్రానికి తగిలించి చూపించమనండి. ఒప్పుకోకపోతే, పని చేయనప్పుడు వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోగా అన్నది బిల్లు మీద రాయించుకోండి.