సీసాలో మైలేజీ ఉందా?

పిల్లలూ! పత్తి రోజుల్లో ఆదోని మార్కెట్టు యార్డు ముందు బారులు తీరే లారీలను, ట్రాక్టర్లను మీరు చూసే ఉంటారు. ఒకసారి ఎమ్మిగనూరు దగ్గరి రైతు ఒకాయన, మా విద్యార్థి తండ్రి, ఒక చిన్న సీసా తెచ్చి చూపించాడు.

“ఈ మందు 10 మిల్లీలీటర్లు, 10 లీటర్ల డీజిల్లో పోస్తే నూటికి 20 పాళ్లు మిగుల్తాదంట సార్, నిజమేనా?”

“కూర్చోప్పా, లెక్క వేసి చూద్దాం” అన్నాను.

10 లీటర్లలో 10 మిల్లీలీటర్లంటే వెయ్యో వంతు. ఆ మందు డీజిలంత బలంగా మండినా, అదనంగా వచ్చే శక్తి వెయ్యో వంతే. “అది కాదు, డీజిలును పూర్తిగా కాలేటట్లు చేస్తుంది” అంటారు అమ్మేవారు. అదీ చూద్దాం.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని బాగా అదుముతుంది. గాలి ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. ఇంజను బాగుంటే నూటికి 98 పాళ్లకు పైగా డీజిలు కాలిపోతుంది. కాలక మిగిలేది 2 పాళ్లైనా ఉండదు. అదంతా కాలినా 20 పాళ్ల లాభం ఎక్కడినుంచి వస్తుంది?

మరి శక్తి ఎక్కడ పోతోంది? పుట్టిన వేడిలో పనిగా మారేది సుమారు 35-40 పాళ్లు. మిగిలినది ఎక్కువగా పొగతోను, రేడియేటరు ద్వారాను బయటికి పోతుంది. దీన్ని ఏ సీసా మందూ ఆపలేదు.

అయితే మందులన్నీ మోసమేనా? కాదు. డీజిలు ఎంత త్వరగా అంటుకుంటుందో తెలిపేది సీటేన్ సంఖ్య. దాన్ని పెంచే మందులున్నాయి. కాని త్వరగా అంటుకోవడం వేరు, ఎక్కువ శక్తినివ్వడం వేరు. ఇంజెక్టర్ల మసిని వదిలించే మందులూ ఉన్నాయి. అవి మసి వల్ల పోయిన మైలేజీని కొంత తిరిగి ఇవ్వగలవు గాని, కొత్తగా పుట్టించలేవు. చలిదేశాల్లో డీజిలు గడ్డకట్టకుండా కలిపేవి మన ఆదోని ఎండల్లో ఎందుకు?

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే డీజిల్లో గంధకం పది లక్షల పాళ్లకు 10కి మించరాదు. గంధకాన్ని తీసేటప్పుడు డీజిలుకుండే జారుడు గుణం తగ్గుతుంది. అందుకని అవసరమైన మందును చమురు శుద్ధి కర్మాగారాల్లోనే కలుపుతారు.

“వాడినవాళ్లు బాగుందంటుండారే సార్?” అన్నాడు రైతు. మందు పోసినవాడు తెలియకుండానే జాగ్రత్తగా నడుపుతాడు. బరువు, గాలివాటం, టైర్లలో గాలి కూడా రోజూ ఒకేలా ఉండవు. నిజం తేలాలంటే ఒకే బండి, ఒకే బరువు, ఆదోని-ఎమ్మిగనూరు దారిలోనే పలుమార్లు తిప్పాలి. కొన్నిసార్లు మందు, కొన్నిసార్లు అంతే డీజిలు కలపాలి. ఏది కలిపారో డ్రైవరుకు చెప్పకూడదు.

రైతు సీసా తిరిగి ఇచ్చేసి, గాలి ఫిల్టరు శుభ్రం చేయించుకున్నాడు.

ఇక మీకొక లెక్క. 50 లీటర్ల డీజిలుకు 50 మిల్లీలీటర్ల మందు కావాలి. పోనీ, నూటికి 2 పాళ్లు మిగిలిందనుకుందాం. అంటే ఒక లీటరు. మందు ఖరీదు లీటరు డీజిలు ధర కన్నా ఎక్కువైతే లాభం ఎవరికి?