తొలకరి పనులు - పిక్కల అలసట

దుక్కిలో ఎద్దు రొప్పుచు నురగలు కక్కినచో మీరు వెంటనే కాడి దింపెదరు. వేసవి అంతయు కొట్టములో నున్న ఎడ్లకు మొదటి దినముననే పూర్తి పని చెప్పరు. మీ కాళ్ల విషయములో ఇట్టి జాగ్రత్త వహించుచున్నారా? ట్రాక్టర్లు, పవర్ టిల్లర్లు వచ్చిన తరువాత కూడ గట్లు చెక్కుట, నారు కట్టలు మోయుట, దమ్ములో టిల్లరు వెంట నడచుట మనుష్యుల కాళ్లతోనే జరుగుచున్నవి. ఈ పనులలో పిక్కలకు శ్రమ ఎక్కువ.

పిక్క పనిచేయు విధము

పిక్కలో ముఖ్యముగ రెండు కండరములు గలవు. పైకి ఉబ్బెత్తుగ కనబడునది ఒకటి. దాని క్రింద చదునుగ పరచుకొని యుండునది రెండవది. ఇవి రెండును క్రిందికి వచ్చి ఒకే గట్టి త్రాడుగ మారి మడమ ఎముకకు అంటుకొనును. దీనిని వాడుకలో "మడమ నరము" అందురు గాని ఇది నరము కాదు. కండరమును ఎముకకు కట్టియుంచు స్నాయువు. సుమారు 15 సెంటీమీటర్ల పొడవుండును. శరీరమందలి స్నాయువులన్నిటిలో ఇదియే దళసరియైనది, బలమైనది. అడుగు మోపినపుడు సాగి, అడుగు ఎత్తునపుడు స్ప్రింగువలె ముడుచుకొని మనలను ముందుకు నెట్టును.

అలసినపుడు జరుగునది

ఎడతెగక పనిచేసిన కండరములో నిలువయున్న గ్లైకోజెన్ తగ్గును. ముడుచుకొను శక్తియు తగ్గును. అలసిన కండరము కుదుపులకు తట్టుకొనలేదు. అట్టి వేళ బస్తాతో గట్టు దిగినను, బురదలో కాలు జారినను కండరమున చిరుగు పడవచ్చును. దమ్ములో మడమ లోతునకు దిగినపుడు స్నాయువు మరింత సాగును.

ఇక ముఖ్యమైన సంగతి. కండరమునకు రక్తము సమృద్ధిగ అందును. అలవాటు లేని పని వలన కలిగిన పిక్కల నొప్పి రెండు మూడు దినములు బాధించి, సాధారణముగ వారములో పోవును. స్నాయువునకు రక్తము తక్కువ. కఠినమైన పని తరువాత మొదటి ఒకటి, ఒకటిన్నర దినము దానిలో అరుగుదల హెచ్చు. ఆ తరువాతనే క్రొత్త పోగులు బలపడును. కనుక పిక్క నొప్పి తగ్గినంత మాత్రమున స్నాయువు సిద్ధమైనదని తలచరాదు.

నా అనుభవమే చెప్పెదను. ఆరు నెలలు కుర్చీలో కూర్చుండి, ఒక ఖరీఫు తొలినాళ్లలో ప్రదర్శన క్షేత్రమున దినమంతయు దమ్ములో నడచితిని. మూడవ నాటికి పిక్కలు తేలికపడినవి. మరల దిగితిని. వారము తిరుగకముందే మడమ వెనుక వాపు వచ్చినది. ఊడ్పుల కాలమంతయు గట్టుమీద నిలచి చూచుటయే నా పని అయినది. నేను జీతగాడను గనుక గడచినది. కూలిపై బ్రతుకు వానికి ఎట్లు గడచును?

పాటించవలసిన పద్ధతులు

1. తొలకరికి నెల ముందునుండి దినము విడచి దినము ముని వ్రేళ్లపై లేచి మెల్లగ దిగుచుండవలెను. ఒక్కొక్క దఫాకు 15 సార్లు, మూడు దఫాలు చాలును.

2. మొదటి వారము సగము పూట దమ్ములోను, సగము పూట మెట్ట పనిలోను గడుపవలెను. నారు మోయువారిని, నారు తీయువారిని ముఠా మేస్త్రి పూటపూటకు మార్చవలెను.

3. ఉదయము లేవగనే మడమ వెనుక బిగువు, నొక్కిన నొప్పి యున్నచో అది మొదటి హెచ్చరిక. తైలము రాచుకొని బరువులు మోయరాదు.

4. ముదిరిన నొప్పికి ఓపిక కావలెను. 1998లో స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్, ఆయన సహచరులు 15 మంది రోగులచే మెట్టు అంచున నిలచి మడమను మెల్లగ దించు వ్యాయామము దినమునకు రెండు పూటల 12 వారములు చేయించి మంచి ఫలితములు పొందిరి. వైద్యుని అడిగి ప్రారంభింపుడు.

5. వెనుకనుండి ఎవరో కర్రతో కొట్టినట్లు అనిపించి, ముని వ్రేళ్లపై నిలువలేకపోయినచో స్నాయువు తెగియుండవచ్చును. ఒక్క పిక్కయే వాచి వేడిగ నున్నచో రక్తము గడ్డకట్టి యుండవచ్చును, మర్దన చేయరాదు. తీవ్రమైన ఒళ్లు నొప్పులతో మూత్రము నల్లబారినచో మూత్రపిండములకు ముప్పు. ఈ మూడింటికిని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

6. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు కొందరికి స్నాయువును బలహీనపరచును. అవి వాడుచుండగా మడమ నొప్పి వచ్చినచో వైద్యునికి చెప్పవలెను.

గ్రామాధికారులు మట్టి పనులు చేయించునపుడు మొదటి వారము పని కొలత తగ్గించి, క్రమముగ పెంచినచో కూలీలు సీజను చివరివరకు పనిలో నిలుతురు. ఎడ్లకు చూపు దయను ఈ తొలకరి నుండి మీ కాళ్లకును చూపుదురని ఆశించుచున్నాను.